పన్నెండో మంచం మనిషి

అడవిపొలం, యానాం
21-8-1983, ఆదివారం

నన్ను చంకనేసుకుని పెంచిన లిదియక్కకు, పాపులందరిలోకీ ముందువరసలో కూర్చోదగిన తమ్ముడు సామ్యేలు వందనాలు.

ఇక్కడ మేమందరం క్షేమం అని మొదలెట్టడం వాడుక. అబద్ధమాడకూడదు గనుక మొదలెట్టను. ఇంట్లో ఉన్నది నేనూ, సుశీల పెంచిన మేకా. మేక క్షేమం.

ఇవాళ మందిరంలో సుశీల జ్ఞాపకార్థ కూటం జరిగింది. నీ మరదలు పోయి రెండేళ్లయింది. మెట్టకూరు నుంచి అయ్యగారు సైకిలు మీద వచ్చి ప్రసంగం చేశారు. ఆయనకు కీళ్లవాతం, కూర్చునే మాట్లాడారు. ఏం మాట్లాడారంటావు? క్షమాపణ! ఏడు డెబ్బైల మార్లు క్షమించాలట. నా భార్య చనిపోయిన రోజున, నా ఎదుట! నేను మధ్యలో లేచాను. "అయ్యగారూ, అలా చెప్పిన ప్రభువే ఇంకో మాట కూడా చెప్పాడండి. తిరగలిరాయి మెడకు కట్టి సముద్రంలో పడెయ్యడం మేలన్నాడు. ఆ రాయెక్కడ దొరుకుద్దో చెప్పండి, నేను మోసుకొస్తాను" అన్నాను. ఆయన నీళ్లు తాగి ప్రసంగం ముగించేశారు.

జరిగింది మళ్లీ రాస్తాను. నువ్వు మర్చిపోతావని కాదు, నేను చల్లారిపోకుండా. ఆవలి ఒడ్డున ఎదుర్లంకలో స్త్రీల కూటానికెళ్లి సుశీల సాయంత్రం నావెక్కింది. నడిపేవాడు మన యానాం బ్రాందీ కడుపునిండా పోసుకున్నాడు. గాలి లేస్తోంది, ఆగమని అందరూ అన్నారట. "గాలి నాకు చుట్టమే" అన్నాడట. నడి ఏటిలో నావ తిరగబడింది. మిగతావాళ్లు గడలు పట్టుకుని బతికారు. సుశీల దిగువన మడచెట్ల వేళ్లలో దొరికింది. కోర్టులో అందరూ గాలిదే తప్పన్నారు. వాణ్ణి వదిలేశారు. బరంపురం పారిపోయాడంటున్నారు.

వాడి పేరు నోటితో అనను, కలంతో రాయను. జీవగ్రంథంలోంచి తుడిచెయ్యమని దేవుణ్ణి అడిగిన పేరు నా కాగితం మీద రాస్తానా? తొలి హంతకుడి పేరుంది గదా, కయీను అంటే చాలు. ప్రతి శుక్రవారం ఉపవాసముండి రేవుమెట్ల మీద మోకరించి ఒకే ఒక్క ప్రార్థన చేస్తున్నాను: ప్రభువా, వాణ్ణి నా చేతికప్పగించు.

సంఘపెద్దగా మన లూయిస్‌ను మళ్లీ ప్రభువు బల్లకు దూరం పెట్టాను. కల్లుపాక దగ్గర కనపడ్డాడు. తెలుసుగా, మన సంఘంలో తప్పు చేసినవాడు రొట్టె ముట్టకుండా గుమ్మం దగ్గర తాటాకు చాప మీద కూర్చోవాలి. క్రిస్మసు దాకా లేవడానికి వీల్లేదన్నాను. ఎవరో ఒకరు గట్టిగా ఉండాలి.

పాపులలో ప్రధానుడు,
సామ్యేలు

పాండిచ్చేరి
2-9-1983

ఒరేయ్ సామ్యేలూ,

మేక క్షేమమని తెలిసి సంతోషించాను. దానికి మేత సరిగ్గా వేస్తున్నావా, లేక దాన్ని కూడా ఉపవాసం ఉంచుతున్నావా?

తిరగలిరాయి కోసం వెతికేవాడు ముందు తన మెడ కొలుచుకోవాలిరా. అయ్యగారు పెద్దాయన, అలా మీదపడకు. సుశీల నాకు మాత్రం ఏమీ కాదా? నేనంపిన చీరే కట్టుకుందట ఆవేళ. నాకు శెలవు దొరక్క మట్టి కూడా వెయ్యలేకపోయాను. నీ బాధ నాకు తెలీదనుకోకు. కానీ రెండేళ్లుగా నీ ఉత్తరాల్లో సుశీల పేరు తగ్గిపోయి, వాడి ఊసు పెరిగిపోయింది. ఒకసారి కయీనంటావు, ఒకసారి అహాబంటావు. అసలు పేరేమిటో నాకిప్పటికీ తెలీదు. తెలుసుకుని నేను చేసేదీ లేదులే.

ఇక్కడ ఆసుపత్రిలో మాకూ పేర్లుండవు, మంచాలే. ఏడో మంచానికి జావ, తొమ్మిదో మంచానికి దుప్పటి. అరవ పేర్లు నోరు తిరగక, ఆయాగా చేరిన కొత్తలో పట్టుకున్న అలవాటు. ఇప్పుడు నర్సమ్మలు కూడా నన్ను చూసి అంతే.

పన్నెండో మంచం మీద మన పక్క మనిషొకడు వచ్చాడు. ఇంత అరవంలో "అమ్మా, కాసిన్ని మంచినీళ్లిత్తారా" అని వినపడేసరికి ప్రాణం లేచొచ్చింది. ఏ ఊరు నాయనా అంటే "ఏ ఊరూ కాదండి, నీళ్ల మీద బతికినోణ్ణండి" అన్నాడు. చక్కెర జబ్బు, పాదం కుళ్లింది. రోజూ పుండు నేనే కడుగుతున్నాను. మూలగడు. నొప్పి లేదా అంటే "ఉందండి. ఉండాలండి" అన్నాడు.

నిన్న పుండు కడుగుతుంటే అడిగాడు: "మనిషి ప్రాణం తీసినోణ్ణి మీ దేవుడు గడప తొక్కనిత్తాడాండి?" చేపలోళ్ల తగాదాలో ఎవరినో పొడిచుంటాడనుకున్నాను, తవ్వి అడగలేదు. "దేవుడు రానిస్తాడయ్యా. వాకిట్లో మా తమ్ముడుంటాడు, వాణ్ణి దాటడమే కష్టం" అన్నాను. నవ్వలేదు పాపం. ఊరికి దగ్గరలో మంచి సంఘం కావాలంటున్నాడు. నయమయ్యాక నీ దగ్గరకు పంపనా? చాప మీద కూర్చోబెట్టవు గదా?

నీ అక్క
లిదియా

అడవిపొలం
14-9-1983

అక్కా,

ఎర్రనీళ్లు వచ్చి గోదావరి గట్టు ఒరుసుకుని పారుతోంది. నా గుండె కూడా నీ ఉత్తరంతో అలాగే పొంగింది. పంపనా అని అడుగుతావేమిటి? మోషే ఐగుప్తువాణ్ణి చంపి ఇసుకలో కప్పెట్టాడు. దావీదు ఊరియాను యుద్ధం ముందువరసలో నిలబెట్టి చంపించాడు. సౌలు, స్తెఫనును రాళ్లతో కొట్టేవాళ్ల బట్టలు కాపలా కాశాడు. దేవుడు వీళ్లను పారేశాడా? ఎత్తుకున్నాడు! నీ పన్నెండో మంచం నీళ్ల మీద బతికినవాడైతే పేతురు జాతివాడు. పంపు. ఎంత పాపినైనా పంపు. చేతికి రక్తముంటే ఉండనీ. నా చేతులతో గోదావరిలో ముంచి లేపుతాను. ఈ మాట తప్పితే నా నాలుక అంగిట్లో అంటుకుపోవాలి.

మొన్న ఆదివారం మందిరంలో ఇదే మాట అందరి ముందూ ప్రకటించాను. సంఘమంతా ఆమేనన్నారు. లూయిస్ చాప మీంచి అందరికంటే గట్టిగా అన్నాడు, వాడికేదో తన సంగతే అన్నట్టు.

మరి నీ కయీను మాటేమిట్రా అని నువ్వడుగుతావు. ఆ సంగతి వేరు. నీ మనిషి పశ్చాత్తాపపడ్డాడు. కయీను పడడు. పడకూడదు! అక్కా, నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు: వాడు మారుమనస్సు పొందకుండానే చావాలని నా ప్రార్థన. పొందితే ప్రభువు ఊరుకోడు, చటుక్కున క్షమించేస్తాడు. ఆయన స్వభావం నాకు తెలుసు, అదే నా భయం. నాశనం చేస్తానన్న నీనెవె పట్టణాన్ని అలాగే వదిలేశాడు. యోనా అలిగి ఎండలో కూర్చున్నాడంటే కూర్చోడూ?

పన్నెండో మంచానికి నా వందనాలు చెప్పు. అడవిపొలంలో ఒక సహోదరుడు చేతులు చాపి ఎదురుచూస్తున్నాడని చెప్పు.

పాపులలో ప్రధానుడు,
సామ్యేలు

పాండిచ్చేరి
28-10-1983

తమ్ముడూ,

జవాబు ఆలస్యమైంది. పన్నెండో మంచానికి కాలు తీసేశారు, మోకాలి దాకా. ఆ పనుల్లో పడ్డాను.

నీ ఉత్తరం అతనికి చదివి వినిపించాను. నీ కయీను గొడవ మాత్రం దాటేశాను. రోగి ముందు చదివే మాటలా అవి? చదివుంటే నీ మీదా, నా మీదా కూడా గౌరవం పోయేది. "ఇదిగోనయ్యా, అడవిపొలం సామ్యేలని, మా తమ్ముడే" అని నీ పేరు చెప్పేసరికి గోడవైపు తిరిగిపోయాడు. ఆ పూట అన్నం ముట్టలేదు. ఎక్కడో సువార్త సభలో నీ గొంతు వినే ఉంటాడు. నీ కేకలకు జడవనివాడెవడు? సిగ్గుపడ్డాడనుకున్నాను.

మర్నాడు తానే పిలిచాడు. "అమ్మగారండీ, నా సంగతి ఆరికి రాశారాండి?" అన్నాడు. రాశానయ్యా, అంతా రాశానన్నాను. "తెలిసే రమ్మన్నారాండి?" తెలిసే రమ్మన్నాడు, నువ్వే విన్నావు గదా, ఎంత పాపినైనా అన్నాడు గదా అన్నాను. ఏడ్చాడు చూడు! కాలు కోసినప్పుడు కూడా అంత ఏడవలేదు. డాక్టరు ఆగి చూశాడు. అప్పట్నుంచీ ప్రార్థన నేర్పమంటాడు. నేర్పుతున్నాను. ముక్కలు ముక్కలుగా పట్టుకుంటాడు, వల అతుకేసినట్టు.

వచ్చే నెల పంపేస్తారు. కర్రలతో నడవడం అలవాటు చేస్తున్నాం. నా నీలం సంచి ఇచ్చి రైలెక్కిస్తాను, ఆ సంచి చూసి గుర్తుపట్టు. ఊరూ పేరూ నువ్వే అడుగు. అడక్కపోయినా సరే. ఒరేయ్, మాటిచ్చావు.

ఏటిలో చీరమేను చేపపిల్లలు వచ్చే రోజులు కదా. ఒక్క తవ్వెడు ఎగిరొచ్చి నా పెనంలో పడితే బావుణ్ణు.

లిదియా

అడవిపొలం
5-12-1983

లిదియా,

ఈసారి వందనాలు లేవు.

పాముకు నీలం సంచి తగిలించి నా గుమ్మంలోకి పంపావు. ఎంత చక్కగా పేనావు తాడు! పన్నెండో మంచమట. నీళ్ల మీద బతికినవాడట. చెల్లెల్ని చెరిచినవాడి మీద అబ్షాలోము పగబట్టి, రెండేళ్లు ఒక్క మాట పైకి అనకుండా ఉన్నాడు. నువ్వు అంతకంటే ఓర్పు గలదానివి, నవ్వుతూ ఉత్తరాలు రాశావు.

ఏం జరిగిందో విను. నవంబరు ఇరవై, ఆదివారం. తప్పిపోయిన కొడుక్కి ఎదురు పరిగెత్తిన తండ్రి గురించి చెబుతున్నాను. నీ మనిషి ఏ వేళైనా వస్తాడని అందరికీ చెప్పి ఉంచాను గనుక కావాలనే ఆ భాగం ఎత్తుకున్నాను. గుమ్మంలో కర్రల చప్పుడైంది. ముందు నీ సంచి కనపడింది. "అడుగో, వచ్చాడు!" అన్నాను. రెండు చేతులూ చాపి సంఘం మధ్యలోంచి ఎదురెళ్లాను. కౌగిలించుకోబోతూ మొహం చూశాను.

చిన్నారావు.

రాశాను చూడు. రెండేళ్లు రాయని పేరు నాచేత రాయించావు. నావ చిన్నారావు.

చాపిన చేతులతోనే వాడి కర్ర లాగేశాను. పడ్డాడు. లూయిస్ చాప మీంచి లేచి అడ్డం రాకపోతే ఆ కర్రతోనే కొట్టి ఉందును. నేలమీంచి వాడేమన్నాడో తెలుసా? "మీరు రమ్మన్నారంటండి. తెలిసే రమ్మన్నారని అమ్మగారు చెప్పేరండి."

తెలిసే! అమ్మగారు!

వాణ్ణి ఇడ్లీల తెరేసా తన అరుగు మీదకు తీసుకెళ్లింది. మన సంఘం కాదు, రోమను కేథలిక్కు గుడికెళ్లే మనిషి. ఆవిడ దుకాణం ముందు నించే నేను మందిరానికెళ్లాలి. "ఏవండీ సామ్యేలుగారూ, మీరు పిలిచిన చుట్టం మా ఇడ్లీ తింటన్నాడండి. సాంబారు మీ పేరు మీద పొయ్యనా?" అంటుంది రోజూ. ఊరంతా నవ్వుతోంది.

వాడు బాప్తిస్మం అడిగాడు. మన ఆచారం ఎరుగుదువు గదా, మూడు ఆదివారాలు పేరు చదువుతారు, అభ్యంతరమున్నవాడు లేవాలి. మొదటి ఆదివారమే లేచాను. "ఏమిటి నీ అభ్యంతరం?" అన్నారు అయ్యగారు. వీడు నా భార్యను చంపాడన్నాను. "ఆ సంగతి తన సాక్ష్యంలో అతనే చెప్పాడు నాయనా. అది అభ్యంతరం కాదు. అతను వచ్చింది దానికోసమే. ఇంకేమైనా ఉందా?" అన్నారు. ఇంకేముంటుంది? ఇంకేం ఉండాలి మనిషికి? వెనకనుంచి లూయిస్ మెల్లగా, "ఎంత పాపినైనా అన్నావు గదన్నయ్యా, మేం ఆమేనన్నాం" అన్నాడు.

అందరి ముందూ అన్నమాటే. ముందు ఎదురొచ్చినవాళ్లను బలిస్తానని యెఫ్తా మొక్కుకున్నాడు. ఎదురొచ్చింది కన్నకూతురైనా మొక్కు తప్పలేదు. నాకు ఎదురొచ్చింది వీడు. నేనూ తప్పను. పద్దెనిమిదో తారీఖున బాప్తిస్మాలు. అయ్యగారు కీళ్లవాతంతో గట్టుమీదే ఉండి మాటలు చెబుతారు. ఏటిలో దిగేది ఎప్పట్లాగే నేను. నేనూ, వాడూ.

వాణ్ణి నా చేతికప్పగించమని రెండేళ్లు అడిగాను. అప్పగించాడు. ముంచుతానని మాటిచ్చాను. ముంచుతాను.

సామ్యేలు

పాండిచ్చేరి
12-12-1983

తమ్ముడూ, నా తండ్రీ,

ఇది ఎక్స్‌ప్రెస్ డెలివరీలో వేస్తున్నాను, ముందు ఈ మాట చదువు: నాకు తెలీదు. ఒట్టు పెట్టకూడదు గనుక పెట్టను. అమ్మ మనిద్దర్నీ ఒకే దుప్పట్లో పడుకోబెట్టింది, ఆ దుప్పటే సాక్షి: నాకు తెలీదు. నువ్వు పేరు రాయలేదు. నేను పేరడగలేదు. నీది కోపం, నాది అలవాటు. మన మధ్యలోంచి ఆ మనిషి నడిచి వచ్చేశాడు.

"తెలిసే రమ్మన్నాడు" అని నేనన్నది నిజం. నేననుకున్నదొకటి, అతననుకున్నదొకటి. నువ్వు క్షమించే పిలిచావనుకుని వచ్చాడు ఆ దౌర్భాగ్యుడు.

నేనిప్పుడు ఇంకేమీ రాయలేను. అతని గురించి నాకేమనిపిస్తోందో అది కూడా రాయలేను. ఒక్కటే అడుగుతాను. సెప్టెంబరులో నువ్వు రాసిన ఉత్తరం నా ముందుంది, ఇప్పుడు వచ్చిందీ ఉంది. అప్పుడు "ముంచి లేపుతాను" అని రాశావు. ఇప్పుడు "ముంచుతాను" అని రాశావు. రెండో మాట ఏమైందిరా?

నీళ్లలో దిగకు. లూయిస్‌ను దింపు. ఎవరినైనా దింపు. నీకు దణ్ణం పెడతాను.

అక్క

అడవిపొలం
20-12-1983

అక్కా,

నీ ఉత్తరం కవరు శనివారమే అందింది. చించలేదు. బైబిల్లో పెట్టి మూశాను. లోపలేముందో తెలుసు గనుకే చించలేదు. నిన్న చించాను.

అనుమానించినందుకు నీ కాళ్లు పట్టుకోవాలి. అది ఎదురుపడినప్పుడు. ముందు జరిగింది చెబుతాను. ఊళ్లో ఒక్కొక్కరూ ఒక్కోలా చెబుతున్నారు, నువ్వు నా నోటనే వినాలి.

ఆదివారం ఉదయం, పోటు మొదలై నీళ్లు ఎగదన్నుతున్న వేళ రేవుకెళ్లాం. సంఘమంతా మెట్ల మీద. తెరేసా కూడా వచ్చింది, తన చుట్టమట. మిగతావాళ్లకు ఇచ్చేశాక చివరన వాడు. కర్రలు బురదలో దిగిపోతాయి గనుక వాణ్ణి ఎత్తుకోవాలి. ఎవరెత్తుకుంటారు? దిగినవాణ్ణి నేనే గదా. ఎత్తుకున్నాను. పసిపిల్లాడి బరువు కూడా లేడు. పొయ్యిపొగ వాసనేస్తున్నాడు. నా మెడ చుట్టూ చెయ్యి వెయ్యలేదు, తగలకుండా ముడుచుకున్నాడు.

నడుము లోతు దాటి వెళ్తున్నాను. మామూలుగా అంతదూరం వెళ్లను. చెవిలో అన్నాడు, "అక్కణ్ణించి గొయ్యుందండి, చూసుకుని అడుగెయ్యండి." రేవు ఎరిగినవాడు. నేను పడిపోతానని హెచ్చరిస్తున్నాడు! నాకు కావలసింది ఆ గొయ్యే. ఆ గొయ్యి అంచునే నిలబడ్డాను, అవతల లోతు.

అయ్యగారు తండ్రి పేరా, కుమారుని పేరా, పరిశుద్ధాత్మ పేరా చెప్పారు. ముంచాను. మనిషి నీళ్లలో ఉండగా గట్టుమీద పాట ఒక చరణం పాడతారు, చరణం ముగిసేలోపు లేపెయ్యాలి. చరణం ముగిసింది. నేను లేపలేదు.

రెండో చరణం ఎవరూ ఎత్తుకోలేదు. అందరికీ అర్థమైపోయింది అక్కా. ఒక్కరూ కదల్లేదు. అయ్యగారు మెట్టు మీంచి లేవబోయి లేవలేకపోయారు.

నేను రేవులో పుట్టినవాణ్ణి. మునిగేవాడు దేన్నైనా పట్టుకుంటాడు, తాడైనా, గడ్డైనా, రక్షించేవాడి జుట్టైనా. వీడు పట్టుకోలేదు. చేతులు రొమ్ము మీద పెట్టుకుని, కళ్లు తెరుచుకుని పడుకున్నాడు. వాడి మొహంలో భయం చూడాలని రెండేళ్లు బతికాను. ఆ నీళ్లలో వంగి వెతికాను. లేదు. కోర్టులో తీర్పు కోసం నిలబడ్డవాడిలా నన్ను చూస్తున్నాడు. నా నీడ వాడి మీద పడింది. పైన ఆకాశమంత ఉంది గదా, వాడికి మాత్రం కనపడుతున్నది నేనొక్కణ్ణే. దేవుడికీ వాడికీ మధ్య అడ్డంగా నేనున్నాను.

అప్పుడు తెరేసా గొంతు. "ఏవండోయ్ సామ్యేలుగారూ! ముంచేరు, బానే ఉంది. లేపరేటండీ?"

ఆవిడ అరిచినందుకు లేపానని ఊరంతా అంటోంది. వాణ్ణి లేపితే తప్ప ఆ చోటులోంచి నేను తప్పుకోలేనని లేపాను. దయ అని రాస్తే అబద్ధం. నాలో దయ లేదు. నేను వెతికాను, లేదు. ఆ పూట దయ ఏదైనా జరిగిందంటే అది నాది కాదు.

పైకి వచ్చి దగ్గాడు. నీళ్లు కక్కుకున్నాడు. అప్పుడు మెల్లగా అడిగాడు, "అయిపోయిందాండీ?"

బాప్తిస్మం గురించి అడిగాడో, ఇంకోదాని గురించి అడిగాడో. నా నాలుక నిజంగానే అంగిటికి అంటుకుపోయింది. "ఇంకాసేపు ఉంచుతారనుకున్నానండి. ఉంచినా మిమ్మల్నేం అననండి" అన్నాడు. మళ్లీ ఎత్తుకుని గట్టుకు తెచ్చాను. ఈసారి జారాను. నా మెడ పట్టుకున్నాడు. పట్టుకోనిచ్చాను.

తడిబట్టలతోనే మందిరానికెళ్లాం. బల్ల సిద్ధంగా ఉంది. నేను లూయిస్‌ను చెయ్యిపట్టి లేపి లోపలికి పంపాను. వాడి చాప మీద కూర్చున్నాను. సుంకరి దూరంగా నిలబడి రొమ్ము కొట్టుకున్న కథ ఈ మందిరంలో ఎన్నిసార్లు చెప్పాను! గొంతు చించుకుని చెప్పాను. ఆ గొంతు అతని పక్కన గొప్పలు చెప్పుకున్న పరిసయ్యుడిది. అయ్యగారు రొట్టె పళ్లెంతో నా ముందు ఆగారు. నేను తలూపాను, వద్దని. ఆయన బలవంతం చెయ్యలేదు, నా తలమీద చెయ్యిపెట్టి ముందుకెళ్లారు.

రొట్టె తీసుకున్నాక చిన్నారావు కర్రలు టకటకలాడించుకుంటూ వచ్చి నా పక్కన చాప మీద కూలబడ్డాడు. "ఇక్కడ కూర్చోకూడదు. నీకు లోపల చోటుంది, పో" అన్నాను. "కాలు చాపుకోడానికి ఇక్కడే ఈలుగా ఉందండి" అన్నాడు. ఆచారం తెలీదు వాడికి. తెలిసినా లేచేవాడు కాదనుకుంటాను.

వాణ్ణి చూస్తే నా కడుపు ఇంకా మండుతుంది అక్కా. చల్లారిందని అనుకోకు. శుక్రవారం ఉపవాసం మానను. నిన్న కూడా రేవుమెట్ల మీదకెళ్లి మోకరించాను. ఏమని ప్రార్థించాలో తెలీక, నీళ్లు చూసి తిరిగొచ్చాను. పాపులలో ప్రధానుణ్ణని ప్రతి ఉత్తరం కిందా రాసుకునేవాణ్ణి, అదో బిరుదులాగ. ఇక రాయను.

నిన్న నీ ఉత్తరం చించి చూస్తే తెరేసా అడిగిందే నువ్వూ అడిగావు. రెండో మాట దొరికిందని నీ మనసుకి చెప్పు.

సామ్యేలు

పాండిచ్చేరి
2-1-1984

తమ్ముడూ,

నీ ఉత్తరం వార్డులో నిలబడే చదివాను. నర్సమ్మ కుర్చీ వేసింది.

లేపావు. అంతే చాలు నాకు నీ గురించి. ఇక నా గురించి విను, ఎవరికీ చెప్పలేదు.

ఇన్నాళ్లూ నీకు క్షమాపణ పాఠాలు చెప్పిన పెద్దమనిషిని నేనే గదా. నువ్వు చిన్నారావు అని రాసింది చదివిన రోజున, సుశీల మెడకు చుట్టుకుందని విన్న నా చీర గుర్తొచ్చింది. ఈ చేతులతో ఆ పుండు కడిగాను. జావ ఊది ఊది తాగించాను. ప్రార్థన నేర్పాను. తెలిసుంటే కడిగేదాన్నా? ఉప్పు పోసేదాన్ని సామ్యేలూ. నీళ్లడిగితే చెవిటిదాన్నయ్యేదాన్ని. దేవుడు నన్ను మోసం చేసి నాచేత దయ చేయించుకున్నాడు. మంచిదాన్నని నేను అనుకున్నదంతా తెలియనితనమే.

పన్నెండో మంచం మీద ఇప్పుడెవరో ముసలాయన ఉన్నాడు. ఏ పాపం ఎరగడు. ఆయన దుప్పటి మార్చడానికి నా చేతులు రావడం లేదు. ఇవాళ ఆయన పేరడిగాను. గోవిందసామి అన్నాడు. అప్పుడు మార్చగలిగాను.

నువ్వు తెలిసి లేపావు. దయ కాదంటావు, ఏదైతేనేం. నేను తెలియక కడిగాను. మనిద్దరిలో ఎవరు పైమెట్టు మీదున్నారో నాకిక తెలీదు, నువ్వూ లెక్కపెట్టకు.

నెలాఖరుకు శెలవు పెట్టాను. ముందు సుశీల దగ్గరికి తీసుకెళ్లు, మట్టి వేస్తాను. ఆదివారం మందిరానికొస్తాను గాని బల్ల దగ్గరకు రాను. ఆ మనిషిని పలకరించమని నన్నెవరూ అడగొద్దు, అయ్యగారితో కూడా చెప్పు. నీ తాటాకు చాప మీద నాకూ కాస్త చోటుంచు. అతను కాలు చాపుకునే పక్కన కాదు. ఇవతల, గోడవైపు.

లిదియా